మా సేటు నడుము

హన్మకొండలో నేను పనిచేసిన చీరల దుకాణంలో మా సేటు కొన్నాళ్లు బోర్లా పడుకొని బేరం చేశాడు. నడుములో డిస్కు జారి నరాన్ని నొక్కడంతో ఎడమకాలు తిమ్మిరెక్కింది, కూర్చోవడమే గండమైంది. ఆపరేషన్‌కు తొందరలేదని, ముందు వ్యాయామం చేసి చూద్దామని డాక్టరు చెప్పారు. బోర్లా పడుకొని, అరచేతులు ఆనించి, ఛాతీని మెల్లగా పైకి లేపాలి. సేటు దుకాణం మూయలేదు. చీరలు పరిచే తెల్లటి పరుపు మీద, గిరాకీల ముందే మొదలుపెట్టాడు.

కేసముద్రం నుంచి పెళ్లిచీరలకు వచ్చినామె బిత్తరపోయింది. "ఏమైంది సేటూ, గట్ల పన్నవు?"

"నడుం రిపేర్ల ఉన్నదక్కా. నువ్వు ఫికర్ చెయ్యకు, చీర చూడు," అంటూ తల పైకెత్తాడు.

అందరిముందూ అలా నవ్వించినా, ఎవరూ లేనప్పుడు నన్ను మెల్లగా అడిగేవాడు. "నొప్పి పిక్క ఇడిసి తొడకొచ్చింది బిడ్డా. నడుం దిక్కు జరిగితే మంచిదే అన్నడు డాక్టరు. నిజమే అంటవా?"

నిజమే అయింది. నెమ్మదిగా నొప్పి తొడను కూడా విడిచింది. పెళ్లిళ్ల సీజన్లో ఒక మధ్యాహ్నం, దుకాణం కిటకిటలాడుతుండగా సేటు లేచాడు. ఎర్ర పట్టుచీర విప్పి, కుచ్చిళ్లు తన నడుముకే దోపుకొని, కొంగు భుజాన వేసుకొని, ఆ చివరిదాకా నడిచాడు. కాలు ఈడ్వలేదు.

"చూడుండ్రి అక్కా, ఎట్లున్నది?"

"చీరనా, నడకనా?" అందొకామె.

"రెండూ!" అన్నాడు సేటు, కళ్లు తుడుచుకుంటూ.

దుకాణమంతా చప్పట్లు. ఇంకోసారి నడవమన్నారు. నడిచాడు.