చిన్న కెమెరా చాలు

మా లువాంగ్వా అడవిలో అతిథులకు జంతువులను చూపించే నడకలో వరస ఎప్పుడూ మారదు. ముందు తుపాకితో యోతాము అన్న, వెనక గైడు, ఆ వెనక అతిథులు, అందరికన్నా చివర టీ కెటిల్ మోస్తూ నేను. "ఏనుగొస్తే భయం లేదర్రా, మా ఫన్వెల్ టీ పోసి కూర్చోబెడతాడు" అని అన్న నన్ను ఆటపట్టించేవాడు.

ఏ కెమెరా తెచ్చుకోవాలని అతిథులు అడగని రోజుండేది కాదు. అన్నది ఒకటే జవాబు.

"చిన్నది చాలు. నేను చెట్టెక్కమంటే ఎక్కాలి. చేతులు ఖాళీగా ఉండాలి."

మొహం మాడ్చుకున్నా, బతిమాలినా వినేవాడు కాదు. ఇంట్లో న్షిమా ముద్ద తింటూ కూడా అదే పాట. "పెళ్లాం పేరైనా మరిచిపోతాడు గానీ చిన్న కెమెరాను మరిచిపోడు" అనేది ఎసినాతి వదిన.

ఆమెకు వేరే బాధ ఉంది. అతిథులు పంపిన ఫోటోలు గోడనిండా ఉన్నాయి. అన్నిట్లోనూ టోపీ, తుపాకి, వీపు. ముందు నడిచేవాడికి మొహమెక్కడ పడుతుంది?

"నేను కాపురం చేస్తున్నది వీపుతోనా? రేపు పిల్లలకు ఏం చూపించాలి? ఈసారి మొహం తీయించుకోకుండా గడప తొక్కకు!" అంది ఒకరోజు.

మర్నాడు పొద్దున్నే అన్న సిగ్గుపడుతూ అతిథుల్లో ఓ తెల్లాయన్ని అడిగాడు. "మా ఆవిడకు నా మొహం కావాలట. తీసిపెడతారా?"

"దానికేం భాగ్యం! ఇప్పుడింకా చీకటిగా ఉంది, టీ దగ్గర తీస్తాను. అయితే పెద్ద కెమెరా తెస్తానుండండి. మీసం వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు."

అన్న వద్దంటాడని చూశాను. సాయం అడిగిన నోటితో కాదనలేకపోయాడు కాబోలు, తల దించుకుని నడక మొదలుపెట్టాడు.

టీ దగ్గర ఫోటో తీశారు. తిరుగుదారిలో రెల్లులోంచి ఒంటి అడవిదున్న లేచింది.

"చెట్టెక్కండి!" అని అన్న అరిచాడు. నేను కెటిల్ పారేసి ఎక్కేశాను. గైడు మిగతావాళ్లను ఎక్కించాడు. ఆ తెల్లాయన మాత్రం రెండు చేతులతో కెమెరాను గుండెకు హత్తుకుని చెట్టు కింద నిలబడిపోయాడు.

"పారెయ్! పారెయ్యవయ్యా!" అని గొంతు చించుకున్నాను. వింటేనా!

గురిచూసే వ్యవధి లేక అన్న తుపాకి వదిలేసి, ఆయన్ని నడుం పట్టి కొమ్మ మీదికి ఎత్తాడు. అప్పుడు దున్న వైపు ఉన్నది అన్న వీపు. ఆయన బతికాడు. అన్నను మేము దుప్పట్లో మోసుకొచ్చాం.

ఆ మనిషి మీద నాకు ఈరోజుకీ కోపమే. అన్న మీద అంతకంటే కోపం. ఇన్నేళ్లు అందరికీ చెప్పిన మాట ఆ ఒక్క పూట ఎలా మింగేశావయ్యా అని సమాధి దగ్గర తిట్టి ఏడ్చాను.

వానలు వెలిశాక ఆ తెల్లాయన పంపిన ఫోటో అద్దం కట్టి వచ్చింది. నేనే తీసుకెళ్లి వదిన చేతిలో పెట్టాను. అన్న నవ్వుతున్నాడు. చాలాసేపు చూసింది.

"ఏ కెమెరాతో తీశారు మరిదీ?"

"చిన్నదే వదినా."

ఆమె మీసం మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఇక్కడో తెల్ల వెంట్రుక. పక్కన పడుకున్నదాన్ని నాకే కనబడలేదు. గోడ మీదున్నవన్నీ చిన్నవాటివేగా, ఒక్కదాంట్లో అయినా ఇలా ఉందా?"

నేను గోడ మీది ఫోటోల వైపు తిరిగాను.

"నేనడిగాననే కదూ?" అంది. ఫోటో నా చేతికే తిరిగిచ్చింది. "నువ్వే తగిలించు. పిల్లలకు మాత్రం చిన్నదనే చెప్పు."