గాలికి కటింగ్

సెలూన్ బాబాయికి జుట్టు కత్తిరిస్తూ మధ్యమధ్య ఉత్త గాలిని కూడా నాలుగుసార్లు కత్తిరించడం అలవాటు. ప్రమాదంలో కుడిచెయ్యి పోయాక ఆ టిక్‌టిక్ ఆగిపోయింది. మిగిలిన కండలో డాక్టర్లు సెన్సార్లు అమర్చారు; వేళ్లు ముడవాలనుకుంటే కృత్రిమ హస్తం ముడుస్తుంది. అయినా కత్తెర మీంచి చూపు తిప్పకుండా, నోరు మెదపకుండా పనిచేసేవాడు. కుర్చీ ఎక్కగానే కునుకు తీసే బావమరిది సైతం కళ్లు పత్తికాయల్లా చేసుకుని, చెవులు కాచుకుంటూ కూర్చునేవాడు.

ఇవాళ ఆ బావమరిదే, “అక్క వంట ఎలా ఉంది బావా?” అని కదిపాడు.

“ఉప్పు సంగతి అడక్కు. ముప్పయ్యేళ్లుగా చెప్తున్నా, వింటేగా,” అంటూ మొదలుపెట్టిన బాబాయి ఉప్పు దాటి కారానికొచ్చాడు. కత్తెర దానంతటదే గాలిలో టిక్‌టిక్‌మంటోంది. “తప్పు నాదా, నువ్వే చెప్పు,” అన్నాడు.

అద్దంలో చూస్తే, బావమరిది గడ్డం గుండెకు ఆనించి గురక పెడుతున్నాడు.