డ్యూటీకి రాకముందే తగిలిన దెబ్బ

2023 వానాకాలం. గోదావరిఖని చౌరస్తాకు దగ్గర్లో, ఒక పాత కాంప్లెక్సు మొదటి అంతస్తులో నాకొక చిన్న ఆఫీసు ఉంది. బోర్డు మీద 'సాఫ్ట్‌వేర్ సర్వీసెస్' అని రాయించాను గానీ, మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగం మంది జిరాక్సు తీస్తారా అని అడిగి దిగిపోతారు. ఇక్కడ ఓసీలు అని పిలిచే ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు మీది మట్టి తీసే ప్రైవేటు కాంట్రాక్టర్లు వాడే ప్రోగ్రాములు ఆగకుండా చూడడం నా పని. వాటిని రాసింది నేను కాదు. హైదరాబాదులో ఎవరో రాసి, బిల్లు తీసుకుని, ఫోనెత్తడం మానేశారు. తిట్లు మాత్రం నాకు మిగిల్చారు. ఇన్నేళ్లుగా ఇదే పని చేసీ చేసీ, "మేడం, సిస్టం పని చేస్తలేదు" అన్న మాట చెవిన పడగానే నాకు నడుం నొప్పి మొదలవుతుంది. అబద్ధం కాదు.

ఆ రోజు ముసురు పట్టి ఉంది. ఒకామె తడిసిన గొడుగు తలుపు బయట పెట్టి లోపలికి వచ్చింది. ఈమె కూడా జిరాక్సుకే అనుకున్నాను.

"అక్క, నా పేరు రజిత. మా ఇంటాయన ఓదెలు, ఓసీల నీళ్ల పంపు కాడ చేస్తడు. ఆడి కంప్యూటర్లు నువ్వే చూస్తవట. జర గీ కాయిదం చూడు" అని కొంగులోంచి ఒక ప్రింటు తీసి బల్ల మీద పెట్టింది.

అది నేను చూసుకునే ఒక కాంట్రాక్టరు సంస్థ వాళ్ల ప్రమాద రిపోర్టు. సంస్థ పేరు ఎందుకులెండి. గని గుంత అడుగున చేరిన నీళ్లను తోడే పంపు దగ్గర, పైపు జాయింటు ఊడి ఓదెలు కాలి మీద పడింది. మడమ పైన ఎముక విరిగింది. అతను నైట్ షిఫ్టులో ఉన్నాడు, అంటే రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు వరకు. ప్రమాదం తెల్లవారుజామున నాలుగింటికి జరిగిందని అతను చెబుతున్నాడు. కాగితంలో మాత్రం ముందురోజు రాత్రి పదిన్నర అని ఉంది. గేటు దగ్గర అతను వేలిముద్ర వేసిన టైము పది యాభై.

"సమజైందా అక్క? డ్యూటీకి రాకముందే దెబ్బ తాకిందట! గిది ఎట్లయితది?" అంది రజిత.

ఎట్లవుతుందో ఆ సంస్థ సైటు మేనేజరు అప్పటికే తేల్చేశాడు. ఓదెలు ఇంటి దగ్గర తాగి పడ్డాడు, ఆ కాలితోనే డ్యూటీకి వచ్చి, పంపు దగ్గర కూర్చుని, ఇక్కడే దెబ్బ తగిలిందని నాటకం ఆడాడు. ఇదీ ఆయన లెక్క. మా గనుల ప్రాంతంలో అలా చేసేవాళ్లు అసలే లేరని నేను అనను. బండి మీంచి పడ్డవాడు పళ్లు బిగబట్టి షిఫ్టు దాకా ఆగి, బాయిలో, అంటే గనిలో, పడ్డానని చెప్పిన కథలు ఇక్కడ ప్రతి కాలనీలో వినిపిస్తాయి. డ్యూటీలో దెబ్బ అయితే దవాఖాన ఖర్చు కాంట్రాక్టరుది, కాలు కుదిరాక కూర్చుని చేసే పని ఇవ్వాలి. ఇంటి దెబ్బ అయితే ఆ నెలాఖరుకి పేరు కొట్టేస్తారు. ఓదెలు విషయంలో కొట్టేయడానికి కలం తీశారు కూడా.

"ఇరిగిన కాలుతోని గేటు దాటుతడా సారు అని అడిగిన అక్క. తాగినోనికి నొప్పి తెలుస్తదా అన్నడు. ఆ రాత్రి డ్యూటీల ఉన్న సూపర్‌వైజర్ నోరు ఇప్పుతలేడు. పంపు కాడ లైటు లేదు, గా సంగతి బయటికొస్తదని భయం ఆయనకు."

"ఓదెలు తాగుతాడా?" అని అడిగాను. అడగక తప్పదు.

"తాగుతడు. నేను కాదంటలేను. కని ఆ దినం తాగలే" అంది రజిత, బల్ల మీది కాగితాన్ని సర్దుతూ.

మర్నాడు వానలోనే స్కూటీ మీద సెంటినరీ కాలనీ దాటి సైటు ఆఫీసుకి వెళ్లాను. బురద మోకాళ్ల దాకా చిమ్మింది. ముందు అక్కడి కంప్యూటర్ గడియారం చూశాను, సరిగ్గానే ఉంది. గేటు మిషను టైము చూశాను, అదీ సరిగ్గానే ఉంది. ఇక రిపోర్టు స్క్రీన్ తెరిచి, ఊరికే పరీక్ష కోసం 'పొద్దున పదకొండు' అని ఒక ఎంట్రీ కొట్టి ప్రింటు ఇచ్చాను. కాగితం మీద పొద్దున ఐదున్నర అని వచ్చింది. పదకొండులోంచి ఐదున్నర పోతే ఐదున్నర. ఈ దేశంలో ప్రోగ్రామరు అన్నవాడెవడికైనా ఆ ఐదున్నర గంటల తేడా కనబడితే చాలు, దొంగ దొరికినట్టే.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. తారీఖులు, గంటలు లెక్కగట్టే పనిని ప్రోగ్రామర్లు సొంతంగా రాసుకోరు. ఇదివరకే ఎవరో రాసి పెట్టిన కోడ్ తెచ్చి కలుపుకుంటారు. ఇంట్లో కారం దంచుకోకుండా ప్యాకెట్ కొనుక్కున్నట్టు. దాన్నే లైబ్రరీ అంటారు. కంప్యూటర్లు లోపల యూటీసీ అనే ప్రపంచ సమయంలో గంటలను దాచుకుంటాయి. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అందుకని దాచేటప్పుడు ఐదున్నర తీసేయాలి, చూపేటప్పుడు మళ్లీ కలపాలి. వీళ్ల లైబ్రరీకి ఒక గుణం ఉంది. చూపేటప్పుడు టైమ్‌జోన్, అంటే ఏ దేశపు సమయం కావాలో చెప్పకపోతే, అది ఏ మిషను మీద నడుస్తోందో ఆ మిషను టైమే వాడేస్తుంది. సర్వరు, అంటే డేటా అంతా దాచే పెద్ద మిషను, సైటు ఆఫీసులో ఉన్నన్నాళ్లు అది మన టైమే కాబట్టి ఇబ్బంది రాలేదు. ఏడాది కిందట దాన్ని తీసేసి, ఎక్కడో అద్దె సర్వరుకి మార్చారు. అది యూటీసీలో నడుస్తుంది. దాచేటప్పుడు తీసేస్తోంది, చూపేటప్పుడు కలపడం లేదు.

హమ్మయ్య అనుకుని మేనేజరుకి చెప్పాను. ఆయన చాయ్ తాగుతూ అంతా విన్నాడు. తర్వాత ఫైలు తెరిచి నా ముందుకు తోశాడు.

"మంచిగ చెప్పిన్రు మేడం. గదే నిజమైతే అన్ని రిపోర్టులు తప్పు రావాలె కద? గివి సుత సర్వర్ మార్చినంకయే. ఒక్కటన్న తప్పున్నదా చూడుండ్రి."

చూశాను. ఆ ఏడాది రిపోర్టులన్నీ ఉన్నాయి. వేలు నలిగినవాడు, కళ్లలో దుమ్ము పడ్డవాడు, జారి పడ్డవాడు. ప్రతి ఒక్కటీ దాని షిఫ్టు గంటల్లోనే ఉంది. దవాఖాన చీటీలతో పోల్చినా కలిసింది.

"అందరిది కరెక్టే. ఒక్క ఓదెలుదే తప్పెట్లయితది? మిషన్‌కు ఆయన మీద పగనా?" అన్నాడు.

ఫైలు మూసి ఇచ్చేశాను. లైబ్రరీ తప్పు చేస్తే అందరికీ చేయాలి, ఒక్కడి మీద చేయదు. ఆ వారం కోడ్ అంతా వరసగా చదివాను. నా తల ప్రాణం తోకకొచ్చింది. రజిత ఫోన్ చేస్తే, "చూస్తున్నమ్మా, చూస్తున్న" అని నీళ్లు నమిలాను. ఎదుటి మనిషి ఆశగా వింటూంటే నీళ్లు నమలడం కంటే నీచమైన పని మా వృత్తిలో లేదు. ఒక దశలో, నిజంగానే ఓదెలు తాగి పడ్డాడేమో అని కూడా అనుకున్నాను. అనుకున్నందుకు నాకే రోత పుట్టింది.

ఇంకోసారి సైటుకి వెళ్లేసరికి టైమ్‌కీపర్ సలీం సెలవు నుంచి తిరిగొచ్చి సీట్లో ఉన్నాడు. రిపోర్టులన్నీ ఎక్కించేది అతనే. వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ అని కరీంనగర్ వెళ్లాడు. ఓదెలుకి దెబ్బ తగిలినప్పుడు అతని సీట్లో ఎవరో పైఆఫీసు కుర్రాడు కూర్చుని, రెండు రోజులు చేసి వెళ్లిపోయాడట. నేను పక్క కుర్చీలో కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. అంతలో ఒక డంపర్ డ్రైవరు మోచేతికి కట్టు కట్టుకుని వచ్చాడు.

"ఎన్ని గంటలకు తాకింది కాక?" అని అడిగాడు సలీం.

"పొద్దుగాల పదింటికి."

సలీం స్క్రీన్ మీద మధ్యాహ్నం మూడున్నర అని కొట్టాడు. నేను లేచి నిలబడ్డాను.

"సలీం భాయ్! ఆయన పది అంటే నువ్వు మూడున్నర కొట్టినవేంది?"

"అయిదున్నర కలిపిన మేడం" అన్నాడు, చాయ్‌లో చక్కెర కలిపానన్నంత మామూలుగా. "గట్ల కలిపితేనే ప్రింటు కరెక్టొస్తది. సెకండ్ షిఫ్ట్‌ల దెబ్బయితే ఒక్కోపారి తారీఖు సుత మార్చాలె. యాది పెట్టుకోవాలె జర."

"ఎప్పటి సంది చేస్తున్నవ్ ఇట్ల?"

"సర్వర్ మార్చిన కాంచి. పైఆఫీసుకు ఫోన్ చేసి చెప్పిన. టికెట్ పెట్టు, అంటే కంప్యూటర్‌ల ఫిర్యాదు రాయి అన్నరు. పెట్టిన. ఎవ్వరు అడగలే. రిపోర్టు తప్పు పోతే సార్లు నన్ను తిడుతరు. క్యా కరూఁ? పని నడవాలె కద!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ప్రాంతంలో పని అంటే ఇదే. పంపు లీకయితే సైకిల్ ట్యూబు చుట్టి నడిపిస్తాం, గడియారం తప్పయితే మనమే తప్పు చెప్పి ఒప్పు రప్పిస్తాం. మిషను ఆగకూడదు, అంతే. సలీం ఏడాదిపాటు అందరి టైమునూ అబద్ధంగా కొట్టి, నిజంగా ప్రింటు తీశాడు. అతని సీట్లో కూర్చున్న రెండు రోజుల్లో, ఆ కిటుకు తెలియని కుర్రాడు నాలుగంటే నాలుగే కొట్టాడు. ప్రింటు పదిన్నర వచ్చింది.

మేనేజరు దగ్గరికి సలీంని వెంటబెట్టుకుని వెళ్లాను. ఈసారి ఆయనకీ అర్థమైంది. 

"అయితే సులువే కద మేడం. ఓదెలుది సుత సలీం లెక్క తొమ్మిదిన్నర అని మార్చి కొట్టుండ్రి. ప్రింటు నాలుగొస్తది. ఖతం. మీరు లైబ్రరీ సరిచేస్తే పాతయన్ని అయిదున్నర ముందుకు జరుగుతయి. ఒక్కని కోసం అన్నీ కదిలిచ్చుడెందుకు?"

ఆశ పడ్డానని ఒప్పుకుంటాను. ఒక్క నిమిషం పని. ఆ పూట ఇంటికెళ్లి నడుం వాల్చొచ్చు. కానీ ఆ ప్రోగ్రాములో ఆడిట్ ట్రయిల్ ఉంటుంది. ఏ ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారో అది దాచిపెడుతుంది. రేపు బీమావాళ్లో తనిఖీవాళ్లో తెరిస్తే, దెబ్బ తగిలిన ఇన్నాళ్ల తర్వాత, పెళ్లాం వచ్చి అడిగాక, టైము మారిందని కనబడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. రజితకి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను.

"వద్దక్క" అంది వెంటనే. "నిజం చెప్పినోనికి దిద్దుడెందుకు? దిద్దితే జిందగీ అంత దొంగే అంటరు. నీకు తక్లీబయినా సరే, మిషన్‌నే సక్కజెయ్యి."

తక్లీబు బాగానే అయింది. సరిచేయడం ఒక్క లైను: చూపేటప్పుడు భారత కాలమానం వాడమని లైబ్రరీకి చెప్పడం. సలీం కలిపిన ఐదున్నరలను ఒక్కో రిపోర్టు నుంచి దవాఖాన చీటీ చూసుకుంటూ తీసి, ఎందుకు తీశామో పక్కన రాసేసరికి నెలాఖరు దగ్గర పడింది. అన్నిటికీ ఆధారంగా, ఆ గంటలు కలిపింది తనేనని సలీం సంతకం పెట్టాలి. అతను రెండు రోజులు నా ఫోనెత్తలేదు. "నౌకరీ పోతది మేడం, అమ్మ కండ్ల మందులు నెలనెలా కొనాలె" అన్నాడు చివరికి. నేను బలవంతపెట్టలేదు. ఆ ఓపిక కూడా లేదు. మూడో రోజు తనే వచ్చి సంతకం పెట్టి, "ఓదెలు భాయ్ నాకంటె ముందే బాయికొచ్చినోడు" అని మాత్రం అన్నాడు. అతని ఉద్యోగం పోలేదు. మందలింపు కాగితం ఒకటి ఇచ్చారు. సర్వరు మార్చిన పైఆఫీసువాళ్లకు అదీ లేదు.

ఓదెలు ఎంట్రీని నేను ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే ప్రింటు తీస్తే తెల్లవారుజాము నాలుగు అని వచ్చింది. దెబ్బ డ్యూటీలోదే అని రాసుకున్నారు. ఇప్పుడతను గేటు దగ్గర కుర్చీ వేసుకుని లారీ నంబర్లు చూస్తున్నాడు. 

దసరాకి ముందు ఓదెలు, రజిత నా ఆఫీసుకి వచ్చారు. కర్ర పట్టుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కాడు. మనిషిని చూడడం అదే మొదటిసారి. కుర్చీలో కూర్చుని ఆయాసం తీరాక అడిగాడు.

"అక్క, మరి నా టైము నువ్వు మార్చలేదా?"

"లేదు. నీది మొదటి నుంచి కరెక్టే. ఆ మిషన్‌లో ఏడాదిగా ఉన్నవన్నీ తప్పు టైములే. ఉన్నది ఉన్నట్టు కొట్టింది నీది ఒక్కటే."

అతను కర్రను గోడకు ఆనించాడు. తర్వాత, "గా మాట మా ఆమెకు సుత చెప్పు అక్క" అన్నాడు మెల్లగా. "నా కోసం గింత కొట్లాడింది. కని ఆమెకు సుత నమ్మకం లేకుండె."

రజిత తలుపు దగ్గరే నిలబడి ఉంది. కాదనలేదు. వచ్చి అతని చేయి పట్టి లేపింది. "అక్క చెప్పింది ఇన్న. లే, ముసురు పట్టకముందే పోదాం" అంది. ఆ చేయి మెట్లు దిగేదాకా వదల్లేదు.

ఇప్పటికీ నెలకొకరైనా వచ్చి, "అందరివి కరెక్టే ఉన్నయి మేడం, ఒక్కనిదే తప్పు" అంటారు. నా నడుం నొప్పి ఎప్పటిలాగే మొదలవుతుంది. ఆ ఒక్కడిదీ పక్కన పెట్టి, ముందు మిగతా అందరివీ తెరిచి చూస్తాను.