ఎర్రగీత పడిన నల్లరాళ్లు

మా పిన్ని ఇరవై రెండేళ్లుగా ఏట్లో రాళ్లు ఏరుతోంది. కరకట్ట గోడకి ఏది పనికొస్తుందో, ఏది రాదో తేల్చడం ఆవిడ ఉద్యోగం. రాయిని ఎత్తి బరువు చూస్తుంది, సుత్తితో ఒక్క దెబ్బ వేసి మోత వింటుంది. ఆవిడ కాదన్న రాయిని మేస్త్రీ ముట్టుకోడు.

అలాంటి మనిషి ఏరిన కుప్ప మీద, కొత్తగా వచ్చిన ఇంజనీరు ఎర్రరంగుతో ఇంటూ గుర్తులు గీశాడు. నలభై రాళ్లు! నల్లగా ఉన్నాయి, ఒళ్లంతా చిల్లులున్నాయి కాబట్టి అవి ఇనుప ఫ్యాక్టరీ వాళ్లు పారబోసిన చిట్టెమట. కొలిమిలో మిగిలిన ఆ చెత్తని మా పిన్ని మంచి రాళ్లలో కలిపిందట. "రేపట్నుంచి పన్లోకి రావద్దు" అన్నాడు, అదీ అందరి ముందు. నాకు ఒళ్లు మండిపోయింది. వంగి ఒక్క రాయైనా చేత్తో పట్టుకున్నాడా? బూటుతో దొర్లించి చూశాడు, అంతే.

పనిలో చేరిన కొత్తలో పిన్ని కూడా వీటిని చిట్టెమనుకుని అవతల పారేసేది. ఏటికి పిల్లల్ని తీసుకొచ్చిన ఒక టీచరమ్మ పగలగొట్టి చూపించాక తప్పు తెలుసుకుంది. తెలుసుకుంది, సిగ్గుపడలేదు.

ఆరోజు పిన్ని అరవలేదు. నిజంగా కోపమొస్తే ఆవిడ గొంతు తగ్గుతుంది. "సారూ, చిట్టెం పగిలితే గాజుముక్కలా మెరుస్తుంది. ఇది చూడండి" అని ఒక రాయిని రెండు చెక్కలు చేసింది. లోపల మెరుపు లేదు, కంటికి ఆననంత సన్నటి నల్లరేణువులు. పైన ఖాళీగా కనిపించిన చిల్లులు లోపల తెల్లటి గింజలతో నిండి ఉన్నాయి.

"ఇది భూమిలోంచి పొంగిన లావా. చల్లారేటప్పుడు గాలిబుడగలు ఇరుక్కుపోయాయి. ఆ చిల్లుల్లో నీళ్లు ఊరి ఊరి ఈ తెల్లది గట్టిపడటానికి ఎన్ని వేల ఏళ్లు పట్టిందో! ఆ ఫ్యాక్టరీ కట్టి ఎన్నాళ్లయింది?"

ఇంజనీరు వంగి ఆ చెక్కల్ని చూశాడు. "బసాల్టా? నేనూ చదివాను" అని గొణిగాడు. చదివాడట! ఆపైన పెద్ద మనసు చేసుకుని, "సరే, ఈసారికి వదిలేస్తున్నా. పన్లోకి రా" అన్నాడు.

"వదిలెయ్యడానికి నేనేం తప్పు చేశాను? అందరి ముందూ గీశారు, అందరి ముందే తుడవండి."

నీళ్ల బకెట్టూ కొబ్బరిపీచూ ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. చుట్టూ ఉన్నవాళ్లెవరూ కదల్లేదు. తుడిచాడు. పైరంగు పోయింది గానీ చిల్లుల్లోకి దిగిన ఎరుపు పోలేదు. "ఆ వైపు లోపలికి తిప్పి పెట్టు" అని మేస్త్రీకి చెప్పి జారుకున్నాడు.

"బయటికే పెట్టు" అంది పిన్ని.

మేస్త్రీ ఎవరి మాట వింటాడో ఆ ఇంజనీరుకి తెలీదు. ఇప్పుడాయన రోజూ ఆ గోడ పక్కనుంచే ఆఫీసుకి నడుస్తాడు. నలభై నల్లరాళ్లు, నిండా ఎర్రచుక్కలు. నడవనీ.