ఫ్రిజ్ వెనక అట్టముక్కలు

వీధిలో అందరూ ఆయన్ని వాచీల మావయ్య అంటారు. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు, ఆయన పలుకుతాడు. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. లోపలి గోడకు బిగించిన బల్ల, దాని మీద మెడ వంచే దీపం, చుట్టూ బాగుకొచ్చిన గడియారాలు. వాచీ తెచ్చినవాళ్ళకి చీవాట్లు ఉచితం. "బండికి నూనె మారుస్తావు, తలకి నూనె రాస్తావు, దీనికేం పాపం? దుమ్ము పట్టిన యంత్రం తన్ను తనే తినేస్తుంది నాయనా" అంటాడు. ఆ మాట వీధిలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. అంత చెప్పే మనిషికి తన ఇంట్లో ఫ్రిజ్ వెనక ఏం పేరుకుందో తెలియదు. దీపం కిందే చీకటి మరి.

ఆయన పనిలో కళ్ళు సగం, చెవులు సగం. లోలకం ఉన్న గోడ గడియారానికి టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమంగా ఉండాలి. ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా వినపడితే గడియారం కుంటుతున్నట్టు. కుంటే గడియారం ఎంతో కాలం నడవదు. ఆ తేడా కంటికి ఆనదు, చెవే పట్టుకోవాలి.

అలాంటి మనిషికి చెవుల్లో హోరు మొదలైంది.

మొదట్లో వచ్చి పోతుండేది. బల్ల మీద మోచెయ్యి ఆన్చి వాచీని చెవి దగ్గర పెట్టుకోగానే, లోపలెక్కడో తుమ్మెద దూరినట్టు ఉండేది. కాసేపటికి పోయేది. రానురాను పోవడం మానేసింది. నీకేమైనా వినపడుతోందా అని భార్యనడిగాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గి, వీధిలో వెళ్ళే బండ్ల చప్పుడు తప్ప ఏమీ లేదని చెప్పి వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆయనకు భయం పట్టుకుంది.

ఎందుకంటే ఆయన అన్నగారికి సరిగ్గా ఇలాగే వచ్చింది. "బజార్లో ఉన్నంతసేపూ ఏమీ ఉండదురా, ఒక్కణ్ణీ కూర్చుంటే మొదలవుతుంది" అనేవాడాయన. ఆ హోరు కూడా ముందు వచ్చి పోయింది, తర్వాత తిష్ఠ వేసింది, చివరికి వినికిడినంతా వెంటబెట్టుకుని పోయింది. ఇప్పుడు అన్నగారితో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చుని పెదాలు కనిపించేలా పలకాలి. తమ్ముడు ఆయన ముందు అలా కూర్చున్నప్పుడల్లా, రేపు నా ముందు ఎవరు ఇలా కూర్చుంటారో అనుకునేవాడు.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే ఆయన అవునంటాడేమోనని భయం. ఇంట్లో చెప్పలేదు. కానీ పని దాచుకోనివ్వదు కదా. ఎదురింటి పెద్ద పంతులమ్మగారు ఇచ్చిన గోడ గడియారాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, అది కుంటుతోందో లేదో తేల్చుకోలేక, చివరికి చంకలో పెట్టుకుని వీధి దాటి తిరిగిచ్చేశాడు. "నా వల్ల కాదమ్మా" అన్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి మరీ చూసింది. ఆ మాట ఆయన నోట ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చుని, పనిముట్లు ఎవరికిచ్చెయ్యాలా అని ఆలోచించాడు.

ఇక ఆయన భార్యది వేరే పోరు. కరెంటు బిల్లు నెలనెలా పైకి పాకుతోంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే, కొత్తగా కొన్న యంత్రమేదీ లేదు. ఆవిడ ఫ్యాను రెక్కలు తుడిచింది, ఇస్త్రీపెట్టెను అటకెక్కించింది, ఎవరు ఏ గదిలోంచి లేచినా వెనకే వెళ్ళి స్విచ్చి కట్టేసింది. బిల్లు దిగలేదు. చివరికి ఆవిడ చూపు బల్ల మీది దీపం మీద పడింది. పగలు కూడా దీపమెందుకండీ అంటూ తీసేసేది. ఇదివరకైతే ఆయన ఇల్లు పీకి పందిరేసేవాడు. ఇప్పుడు కిక్కురుమనకుండా చీకట్లో కూర్చునేవాడు.

పోట్లాడని మొగుణ్ణి చూస్తే ఆవిడకు భయమేసింది. దానికి తోడు ఏదడిగినా పరధ్యానంగా "ఆఁ?" అంటున్నాడు. దాంతో గట్టిగా అరిచి చెప్పడం మొదలుపెట్టింది. ఆ అరుపులు వినీ వినీ, పని తగ్గిందని నా మీద కోపంగా ఉందనుకున్నాడు ఆ మహానుభావుడు. ఒకే ఇంట్లో ఉండి ఇంత చక్కగా ఒకరినొకరు అపార్థం చేసుకోవడానికి కూడా నేర్పుండాలి.

కూతురు కాస్త దూరంలో లాండ్రీ నడుపుతుంది. రోజూ సాయంత్రం మెషీన్లలో పేరుకున్న బట్టల పీచు తీస్తే గానీ షట్టరు దించదు. సెలవురోజు అమ్మానాన్నల్ని చూడ్డానికొచ్చి, మంచినీళ్ళ సీసా తీసుకుంటూ ఫ్రిజ్ పక్కనున్న గోడ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. గోడ వెచ్చగా ఉంది.

"ఇది అసలు ఆగుతుందా అమ్మా?"

"ఫ్రిజ్ ఆగడమేమిటే? ఆగితే పాలు విరిగిపోవూ?"

లోపల చల్లబడ్డాక మోటారు కాసేపు ఆగాలనీ, ఆగకుండా తిరుగుతోందంటే వేడి బయటికి పోయే దారి లేదనీ చెప్పి, కూతురు ప్లగ్గు పీకేసింది. ఇద్దరూ కలిసి ఫ్రిజ్‌ను ముందుకు లాగారు. వెనక జాలీ మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. జాలీకీ గోడకీ మధ్య మడతలు పెట్టి కుక్కిన అట్టముక్కలున్నాయి. అది మావయ్య చేతిపనే. పోయిన ఎండాకాలం కొత్త బీరువాకు చోటు కావలసి వస్తే, ఫ్రిజ్‌ను ఆయనే వెనక్కి నెట్టి, కదలకుండా, చప్పుడు చెయ్యకుండా అట్టలు బిగించాడు. వాచీలో ఏ ముక్కా వదులుగా ఉండకూడదు కదా, ఫ్రిజ్‌కీ అదే న్యాయం అనుకున్నాడు. ఆ గోడకు అవతలి వైపున్నది ఆయన బల్లే.

ముందుగదిలో మావయ్య బల్ల మీద మోచేతులు ఆన్చి కూర్చుని ఉన్నాడు. ఉన్నట్టుండి హోరు ఆగిపోయింది. అన్నకూ ఇంతే, వినికిడి పోయిన రోజున హోరు కూడా వినపడలేదన్నాడు. అయిపోయింది, చెవులు పోయాయి అనుకుని కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడు ఒక గడియారం టిక్కుమంది. తర్వాత దాని పక్కది. తర్వాత తలుపు మీదది, కిటికీ పక్కది, సొరుగులో పడి ఉన్న చేతివాచీ కూడా. అన్నీ వేటికవే, శుభ్రంగా. తలుపు మీదున్నది కుంటుతోంది. ఎన్ని నెలలనుంచి కుంటుతోందో పాపం. ఆయనకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ సందడి వెనకనుంచి, వంటగదిలో భార్య గొంతు తగ్గించి కూతురితో చెబుతున్న మాట కూడా వినపడింది.

"మీ నాన్నకి చెవులు పోతున్నాయే. మీ పెదనాన్నకి అయినట్టే అవుతోంది. అడిగితే నొచ్చుకుంటారేమోనని అడగలేక చస్తున్నా."

ఆయన లేచి వెళ్ళి వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"వినపడింది" అన్నాడు.

ఆవిడ చేతిలో గుడ్డ జారిపోయింది. తర్వాత ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు, ఎవరి మాట ఎవరికీ అందలేదు. ఫ్రిజ్ అదురు అట్టల్లోంచి గోడకీ, గోడలోంచి బల్లకీ, బల్ల మీది తన మోచేతికీ పాకుతోందని తెలిశాక కూడా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఫ్రిజ్‌ను మళ్ళీ గోడకు నెట్టించి, ప్లగ్గు పెట్టించి, పరిగెత్తి వెళ్ళి బల్ల మీద మోచెయ్యి ఆన్చాడు. హోరు వచ్చింది. తీసెయ్యమని కేకేశాడు. పోయింది. ఇంకోసారి పెట్టమన్నాడు. కూతురు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే పెట్టింది.

అట్టముక్కలు ఆయనే తీసి పారేశాడు. వాచీలు తుడిచే కుంచెతో జాలీ దుమ్ము దులుపుతుంటే, "దుమ్ము పట్టిన యంత్రం ఏం చేస్తుంది నాన్నా?" అని కూతురు అమాయకంగా అడిగింది. ఆయన వినపడనట్టు నటించాడు. భార్య ఫ్రిజ్ తలుపు రబ్బరుకు పట్టిన జిడ్డును సబ్బునీళ్ళతో కడిగి తుడిచింది. ఈసారి గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య జానెడు సందు వదిలారు.

ఆయన ఫ్రిజ్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అది చాలాసేపు తిరిగింది. ఎంతకీ లేవకపోతే ఆవిడ కూడా వచ్చి పక్కన నేల మీద కూర్చుంది. చివరికి టక్కుమని శబ్దం చేసి ఫ్రిజ్ ఆగింది. ముందుగదిలోంచి గడియారాల చప్పుడు వంటగది దాకా వచ్చింది.

"ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదండీ?" అంది ఆవిడ. గొంతు పెంచకుండానే అడిగింది.

"నువ్వు చెప్పావా?" అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటి వెళ్ళాడు. నా వల్ల కాదన్నావుగా అని పంతులమ్మగారు గుర్తు చేస్తే, అది నిన్నటి మాటమ్మా అని గడియారం చంకన పెట్టుకున్నాడు. తిరిగొచ్చేసరికి ఇంకా బాగా పొద్దుంది, ఎండ కిటికీలోంచి గదిలోకి పడుతోంది. అయినా బల్ల మీద దీపం వెలుగుతోంది. భార్య దాని పక్కనే నిలబడి, బల్ల మీద దుమ్ము తుడుస్తోంది.