ఎత్తని కాల్

"...అది నా మోటరు నంబరమ్మా, ఎత్తేదానికి నువ్వెవురు?"

"తాతా, ఇది నా నంబరు. వారం దినాలుగా పొద్దున్నే రింగిచ్చి పెట్టేస్తాండారు, ఈ దినం దొరికినారు. నేను మారికుప్పం రైల్లో ఉండాను, పనికి పోతాండాను."

"నువ్వు రైల్లో ఉంటే నా మోటరు యాడ ఉండాది?"

సొన్నప్ప బండికి స్టాండు వేసేసరికి గట్టు మీద ఈ జగడం నడుస్తోంది. బచ్చప్ప ఫోన్‌ను అరచేతిలో పళ్లెంలా పట్టుకుని దాని మీదకు వంగి అరుస్తున్నాడు. సొన్నప్ప ఆ ఫోన్ అందుకున్నాడు.

"అమ్మా, ఈ సిమ్ము ఎప్పుడు తీసుకుంటివి?"

"పోయిన నెల. మీరెవురన్నా?"

"మోటరు రిపేరీ చేసేవాణ్ణి."

"అట్లయితే చేసేయన్నా, నీకు దండం పెడతా," అని ఆ పిల్ల పెట్టేసింది.

ఆవని చుట్టుపక్కల పన్నెండు ఊళ్లలో బోరు మోటరు కాలితే లోపలి తీగ మళ్లీ చుట్టేది సొన్నప్పే. కేజీఎఫ్‌లో బంగారు గని మూతపడిన ఏడాది అక్కడి వర్క్‌షాపు వదిలి వచ్చాడు. ఇప్పుడు యాభై దాటాయి. తీగ కాలకపోతే కాలలేదని చెప్పి, కూలి కూడా అడగకుండా వెళ్లిపోతాడని పేరు. మొబైల్ స్టార్టర్లు వచ్చాక వాటిని బిగించిందీ అతనే. మోటరు పక్కన ఒక డబ్బా, అందులో ఒక సిమ్ము. ఇంట్లో కూర్చుని ఆ నంబరుకు రింగిస్తే డబ్బా కాల్ ఎత్తకుండానే మోటరు వేస్తుంది, మళ్లీ రింగిస్తే ఆపుతుంది. అలాంటివి నలభై ఒకటి పెట్టాడు. పెట్టిన ప్రతిచోటా ఒకటే మాట చెప్పాడు: "దీనికి రీఛార్జే వద్దప్పా. డబ్బా ఎత్తదు. ఎత్తని కాల్‌కి లెక్క లేదు."

జనానికి ఆ మాట బాగా నచ్చింది. దాన్ని నమ్మే డబ్బాలు పెట్టించుకున్నారు.

పోయినేడు వానలు బాగా పడి బచ్చప్ప మోటరు వేసే పనే రాలేదు. చలికాలమంతా కొడుకు సోమశేఖర్ తోటలోనే ఉండి బటన్ నొక్కుకున్నాడు. ఇప్పుడు కొడుకు ఊళ్లో లేడు, బచ్చప్పకు మోకాళ్లు పట్టేశాయి. త్రీఫేజు కరెంటు తెల్లవారుజామునే వచ్చిపోతోంది. ఇంట్లో పట్టుపురుగులు పొర విడిచే నాలుగో జ్వరం దాటి ఆకలి మీద ఉన్నాయి. తోటలో మల్బరీ ఆకు వాడిపోతోంది.

సొన్నప్ప డబ్బా తెరిచి సిమ్ము తీసి తన ఫోన్‌లో వేసి చూశాడు. సిగ్నల్ గీత ఒక్కటీ రాలేదు.

"కంపెనోళ్లు దొంగనాయాళ్లు," అన్నాడు బచ్చప్ప. "నా నంబరు ఆ పిల్లకి అమ్ముకున్నారు. కాదా?"

సొన్నప్ప ఆ సిమ్మును జేబులో వేసుకున్నాడు. కరెంటు ఇంకా ఉండటంతో చేత్తో నొక్కి మోటరు వేసి, కాలువలో నీళ్లు మొదటి మడి చేరేదాకా నిలబడ్డాడు. మధ్యాహ్నానికి కొత్త సిమ్ము తెస్తానని చెప్పి బండెక్కాడు. ఇంటికి పోకుండా మిట్ట అవతల తను డబ్బా పెట్టిన పిల్లమ్మ తోటకు పోయాడు.

పిల్లమ్మ దినమూ రింగిచ్చే మోటరు వేసుకుంటుంది. ఆమె డబ్బాలోని సిమ్ము తన ఫోన్‌లో వేయగానే సిగ్నల్ వచ్చింది. లోపల చదవని మెసేజులు మూడు ఉన్నాయి. ఎనభై దినాలుగా ఈ నంబరు వాడకంలో లేదు, ఇంకో పది దినాల్లో ఒక కాల్ అయినా మాట్లాడకపోతే తీసేస్తాం, అని ఉంది చివరిదానిలో. మెసేజు పంపినవాళ్లు పంపారు. డబ్బాకు చదవడం రాదు.

గట్టు మీద కూర్చున్నాడు. ఈ ఎనభై దినాలూ ఆ సిమ్ము రెండెకరాలు తడిపింది. కంపెనీ దగ్గర మాత్రం కాల్ ఎత్తి మాట్లాడితేనే అది వాడకం. రింగు ఎన్నిసార్లు మోగినా అక్కడ ఏమీ రాసుకోరు. మొదట్లో ఇదంతా ఎవరూ పట్టించుకోలేదు, ఎప్పటి నుంచి పట్టుకున్నారో అతనికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. లెక్కలో పడకపోవడమే లాభం అనుకున్నాడు. నలభై ఒక్కమందికీ అదే నేర్పాడు.

ముందు ఈ నంబరు నిలబడాలి. కొన్నప్పుడు వేసిన డబ్బులు సిమ్ములో అట్లే ఉన్నాయి, దాంతోనే భార్య రత్నకు కాల్ చేశాడు. ఒక రింగు కాగానే కట్ చేసింది. మళ్లీ చేశాడు. మళ్లీ కట్. సొన్నప్ప ఫోన్‌లో సగం దినాలు ఛార్జింగు ఉండదు. ఎవరి నంబరు నుంచి రింగొచ్చినా అది మొగుడి కబురేనని ఆమెకు అలవాటు. ఒక రింగంటే సంగటి తినడానికి వస్తున్నాననీ, రెండంటే రాననీ. పెళ్లయి ఇన్నేళ్లలో వాళ్లు ఫోన్‌లో మాట్లాడుకున్నది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మూడోసారికి ఎత్తింది. "ఏమైంది? షాక్ కొట్టిందా?"

"ఏం కాలేదు. పెట్టేయొద్దు, మాట్లాడు."

"ఏం మాట్లాడాల?"

"ఏదో ఒకటి. లెక్కలో పడాల."

"పొద్దున్నే తాగినావా?"

అంతా చెప్పాడు. రత్న వెనకాల ఆవు గంట వినబడింది.

"గమ్మున ఒకో డబ్బా కాడికీ పోయి ఒకో కాల్ చేసేయ్," అంది. "పోయిన నంబర్లకి కొత్త సిమ్ము వేసేయ్. బచ్చప్ప కంపెనీనే కదా తిడతాండాడు, తిట్టనీ. నీ పేరు యాడొచ్చె?"

"చెప్పింది నేను కదా."

"నువ్వు చెప్పినేది తప్పని తెలిస్తే ఇంగ మోటరు చుట్టేదానికి నిన్ను పిలుస్తారా? ములబాగల్లో ఆ కొత్త షాపోడు ఇందుకే కాచుకోనుండాడు. పిల్లోడి కాలేజీ ఇంగా రెండేండ్లు ఉండాది."

ఆ సంగతి అతనికి తెలియంది కాదు. ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"వింటాండావా? పెట్టేసినావా?"

"ఉండాను. ఇప్పుడే పోయి బచ్చప్పకి చెప్తాను," అన్నాడు సొన్నప్ప. "సాయంత్రం పాల డెయిరీ కాడ అందరూ ఉండేటప్పుడు చెప్తాను, నేను చెప్పినేది తప్పని."