సున్నపు తేటలో కుంకుమ

ద్రాక్షారామంలో గుడికి వెళ్ళే వీధిలో గోపాలకృష్ణమూర్తికి కొట్టు ఉంది. అక్కడ అమ్మే కుంకుమను వెనకింట్లో ఆయన వదిన అన్నపూర్ణమ్మ తయారుచేస్తుందని కొనేవాళ్ళకు తెలియదు. ఆమె భర్త పోయి ఎనిమిదేళ్ళు. విధవ చేసిన కుంకుమ అంటే ముత్తయిదువులు ముట్టరు కనుక ఆ మాట గడప దాటలేదు.

పసుపు కొమ్ముల ముక్కలను నిమ్మరసం, వెలిగారం, పటిక కలిపి నానవేసి, తొమ్మిది రోజులు నీడన ఆరబెట్టి, దంచి, పలుచని గుడ్డలో జల్లించేది. నెలకు ఎనిమిది కిలోలు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందని కిటికీకి గోనె కట్టింది. ఆ మసక గదిలో పలకరించేవారు లేరు. సాయంత్రాలు భర్త రామాయణ పారాయణ పుస్తకం తీసి, ఆయన ఆపే చోటే ఆపుతూ పైకి చదువుకునేది.

1979 జ్యేష్ఠంలో రాజమండ్రి టోకు వర్తకుడు నరసింహమూర్తి కబురంపాడు. శ్రావణం నోములకు నూరు కిలోలు కావాలి, సరుకు చూసి ఖాయం చేస్తానన్నాడు.

"నలుగురు ఆడవాళ్ళను పెట్టుకుంటే నలభై చేయగలను గోపాలం" అంది అన్నపూర్ణమ్మ.

"మిగతాది బియ్యప్పిండిలో రంగు కలిపేద్దాం వదినా. సురస నోరు తెరిచేకొద్దీ హనుమంతుడు పెరగలేదేంటి? వ్యాపారమూ అంతేనండి."

"తొంభై యోజనాల దాకా పెరిగాడు. ఆవిడ నూరు తెరిచింది. అప్పుడేం చేశాడు?"

"బొటనవేలంత అయ్యాడు. సరే, నలభైయే ఇద్దాం. మీరు కూడా నరసింహమూర్తి గారు వచ్చినప్పుడు అంత చిన్నవారై వెనక గదిలో ఉండండి" అని నవ్వాడు మరిది.

ఆమె నవ్వలేదు. మర్నాడు గది ఊడ్చి, అటక మీది నాలుగు పీటలు దించి కడిగి, గోడవారగా వేసింది. ఆ గదిలో నలుగురి మాటలు ఎలా ఉంటాయోనని ఒక్క క్షణం చెవి ఒగ్గింది.

నరసింహమూర్తి వచ్చి, వీధి గదిలో కూర్చుని చిటికెడు కుంకుమ వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "అందరూ అసలుదే అంటారండి. రంగు కాదని రుజువేంటి?"

"అమ్మవారి మీద ఒట్టండి!" అన్నాడు గోపాలకృష్ణమూర్తి.

"అమ్మవారు వచ్చి సాక్ష్యం చెప్పదు కదండీ. వస్తానండి మరి."

తలుపు వెనక అన్నపూర్ణమ్మకు ఆయన లేచిన చెప్పు కిర్రుమనడం వినిపించింది. రుజువు ఆమెకు తెలుసు, మరిదికి తెలియదు. హనుమంతుడు చిన్నవాడయ్యాడు గాని దాక్కోలేదు. అందరూ చూస్తుండగా ఆ నోట్లోకి వెళ్ళి, బయటికి వచ్చి చేతులు జోడించాడు. ఆమె తెల్లని పింగాణీ సాసరు, గిన్నెలో సున్నపు నీళ్ళ మీది తేట పట్టుకుని వీధి గదిలోకి వచ్చింది.

"ఇది పసుపుతో చేసిందండి. ఉత్త పసుపైతే సున్నానికి ఎర్రబడుతుంది గాని, వెలిగారం పట్టిన ఇది తేట చుక్క పడితే నల్లబడుతుంది. రంగు కలిపింది ఎర్రగానే ఉంటుంది. మీ దగ్గర వేరే సరుకేమైనా ఉంటే ఇవ్వండి, పక్కపక్కనే చూపిస్తాను."

ఆయన జేబులోని పొట్లం ఇచ్చాడు. రెండు చిటికెలు, రెండు చుక్కలు. ఒకటి నల్లబడింది. రెండోది మారలేదు.

"భలే! దీన్ని చేసేదెవరండి?" అంటూ తలెత్తి, ఆమె బోసి నుదురు చూశాడు.

"నేనేనండి."

ఆయన చేతిరుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు. "సరుకులో వంక లేదమ్మా. నోములకు కదా... ఉత్తరం రాస్తాను."

ఆయన వెళ్ళాక మరిది అరుగు మీద కూలబడ్డాడు. "ఎంత పని చేశారు వదినా! లోపలే ఉండాల్సింది."

"ఉంటే ఆయన అప్పుడే వెళ్ళిపోయేవాడు" అంది ఆమె.

ఉత్తరం రాలేదు. మాట మాత్రం ఊరంతా పాకింది. శ్రావణానికి కొట్లో అమ్ముడయ్యే ఎనిమిది కిలోలు మూడయ్యాయి. ఆ మూడింటినీ ఆమె పాత పద్ధతిలోనే చేసి, ప్రతి వాయిలో చిటికెడు తీసి సాసరులో చూసుకుంది. పీటలు అటకెక్కించలేదు. వాటి మీద సన్నటి ఎర్రని దుమ్ము చేరింది.

ఆ నెల పారాయణంలో ఆమె మొదటిసారి భర్త ఆపే చోట, హనుమంతుడు చేతులు జోడించిన దగ్గర, ఆపలేదు. సురసకు నమస్కరించిన హనుమంతుడు మళ్ళీ ఒక్కడే సముద్రం మీద ఆకాశంలోకి సాగిపోయే దాకా చదివింది.